రిపోర్టులో అంకె కన్నా పేరు ముఖ్యం

“ఏఎన్ఏ పాజిటివ్” అన్న రిపోర్టు చేతికొచ్చిన రోజు ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. చలికి వేళ్లు తెల్లబడటం, ఉంగరం బిగుతు కావడం, మెట్లెక్కితే ఆయాసం రావడం అప్పటిదాకా వేటికవే చిన్న ఇబ్బందులు. ఆ ఒక్క కాగితంతో అవన్నీ కలిసి పెద్ద జబ్బయి కూర్చుంటాయి. రాత్రంతా ఫోన్‌లో వెతుకుతారు. కనిపించిన ప్రతి ఫొటోలో తమ రేపటిని చూసుకుంటారు. తెల్లారేసరికి భయం రెట్టింపు అవుతుంది తప్ప చేయాల్సిన పని ఒక్కటీ తేలదు.

ఆ పని ఏమిటో తేల్చుకోవడానికే ఈ అధ్యాయం. సిస్టమిక్ స్క్లెరోసిస్‌ను వాడుకలో స్క్లెరోడెర్మా అంటారు. ఈ జబ్బులో రక్తంలో కనిపించే యాంటీబాడీలు చాలా విలువైన సమాచారం ఇస్తాయి. మీ శరీరంలో ఏ అవయవపు రక్తనాళాలకు ముప్పు ఎక్కువో, దేని మీద ముందు కన్నేసి ఉంచాలో వాటి పేరును బట్టి చెప్పవచ్చు. ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పెరగడం, కిడ్నీ నాళాలు హఠాత్తుగా బిగుసుకోవడం లాంటి ప్రమాదాలను మొదట్లోనే పట్టుకుంటే ఫలితం వేరుగా ఉంటుంది. అందుకే రిపోర్టు చదవడం నేర్చుకోవాలి.

జబ్బు రక్తనాళంలో మొదలవుతుంది

చర్మం గట్టిపడటం కంటికి కనిపిస్తుంది కాబట్టి దీన్ని చర్మవ్యాధి అనుకుంటారు. కానీ చర్మం బిగుసుకోవడానికి నెలల ముందే, కొందరిలో ఏళ్ల ముందే, చిన్న రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడం మొదలవుతుంది. ఆ పొర పేరు ఎండోథీలియం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది అవసరాన్ని బట్టి నాళాన్ని వదులు చేస్తుంది, లోపల రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. దెబ్బతింటే నాళాన్ని బిగించే ఎండోథీలిన్ ఎక్కువవుతుంది, వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. రానురాను గోడ మందమై లోపలి దారి ఇరుకైపోతుంది. సరిగా రక్తం అందని చోట పీచులాంటి కణజాలం పేరుకుంటుంది. మనం చూసే గట్టి చర్మం అదే.

బయటికి కనిపించే తొలి గుర్తు రేనాడ్స్. ఫ్రాన్స్ వైద్యుడు మారిస్ రేనాడ్ 1862లో పారిస్‌లో సమర్పించిన థీసిస్‌లో దీన్ని వర్ణించాడు. ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్ తీసినా, ఏసీ గదిలోకి అడుగుపెట్టినా, మనసు ఆందోళన పడినా వేళ్లు తెల్లగా పాలిపోతాయి. కాసేపటికి నీలంగా మారతాయి. మళ్లీ రక్తం పారగానే ఎర్రబడి మంటపుడతాయి. స్క్లెరోడెర్మా ఉన్నవారిలో 90 శాతానికి పైగా ఇది ఉంటుంది. అలాగని రేనాడ్స్ ఉన్న ప్రతి ఒక్కరికీ స్క్లెరోడెర్మా రాదు, ఎక్కువమందికి రాదు కూడా. ఎవరికి రావచ్చో తేల్చే చోటే యాంటీబాడీలు అక్కరకొస్తాయి.

కాగితాన్ని మూడు మెట్లుగా చదవండి

మొదటి మెట్టు ఏఎన్ఏ, అంటే యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ పరీక్ష. ల్యాబులో మీ రక్తపు సీరాన్ని హెప్-2 అనే మానవ కణాల మీద వేస్తారు. వెలుగునిచ్చే రసాయనం కలిపి మైక్రోస్కోప్ కింద చూస్తారు. మీ యాంటీబాడీలు కణకేంద్రకానికి అంటుకుని ఉంటే అక్కడ ఆకుపచ్చగా మెరుస్తుంది. స్క్లెరోడెర్మా ఉన్నవారిలో 90 శాతానికి పైగా ఈ పరీక్ష పాజిటివ్ వస్తుంది. కానీ ఏ జబ్బూ లేనివారిలోనూ వస్తుంది. 1997లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో ఆరోగ్యవంతుల్లో 1:40 పలుచన దగ్గర 31.7 శాతం మందికి, 1:80 దగ్గర 13.3 శాతం మందికి, 1:160 దగ్గర 5 శాతం మందికి ఏఎన్ఏ పాజిటివ్‌గా తేలింది. కాబట్టి “ఏఎన్ఏ పాజిటివ్, 1:80” అన్న ఒక్క వాక్యంతో జబ్బు నిర్ధారణ కాదు.

రెండో మెట్టు ప్యాటర్న్, అంటే కేంద్రకం ఏ తీరుగా మెరిసింది అన్నది. విడివిడిగా లెక్కపెట్టగలిగే చుక్కలుంటే సెంట్రోమియర్ ప్యాటర్న్ అంటారు. కేంద్రకం లోపల ఒకటి రెండు గుండ్రని భాగాలు మాత్రమే మెరిస్తే అది న్యూక్లియోలార్. సన్నని రవ్వలు చల్లినట్టుంటే స్పెకిల్డ్. మొదటి రెండూ స్క్లెరోడెర్మా వైపు ఎక్కువగా వేలు చూపిస్తాయి.

మూడో మెట్టు అసలైనది: యాంటీబాడీ పేరు. దీన్ని ఎలైజా పద్ధతిలోనో, “ఏఎన్ఏ ప్రొఫైల్” అని రాసే బ్లాట్ పద్ధతిలోనో చూస్తారు. బ్లాట్ రిపోర్టులో పేర్లు వరుసగా ఉండి, ఎదురుగా ప్లస్ గుర్తులుంటాయి. ఇక్కడ రెండు విషయాలు జాగ్రత్తగా గమనించండి. ఒకటి, ఏఎన్ఏ నెగెటివ్‌గా ఉండి బ్లాట్‌లో ఏదో ఒక పేరు ఎదుట బలహీనమైన ఒక్క ప్లస్ మాత్రమే ఉంటే, అది తప్పుడు పాజిటివ్ కావచ్చు. డాక్టరు మీ లక్షణాలతో పోల్చి చూడకుండా దాన్ని నమ్మకండి. రెండు, మామూలు ఏఎన్ఏ ప్రొఫైల్స్ చాలావాటిలో ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 3 పేరే ఉండదు. దానికి స్క్లెరోడెర్మా ప్యానెల్ విడిగా చేయించాలి. ప్రొఫైల్ నెగెటివ్ అంటే ఆ జాబితాలో ఉన్న పేర్లేవీ మీ రక్తంలో దొరకలేదని మాత్రమే అర్థం.

ఇక టైటర్, అంటే ఎంత పలుచన చేసినా పాజిటివ్ వచ్చిందో చెప్పే అంకె. పోయినేడు 1:320 ఉన్నది ఇప్పుడు 1:1280 అయితే జబ్బు నాలుగు రెట్లు ముదిరిందని కాదు. స్క్లెరోడెర్మాలో ఏఎన్ఏ అంకె జబ్బు తీవ్రతతో పాటు పెరగదు, తరగదు. యాంటీబాడీ రకం కూడా సాధారణంగా మారదు. ఒకసారి నమ్మకమైన ల్యాబులో పేరు తేలాక మూడు నెలలకోసారి అదే పరీక్ష చేయించడం దండగ. ఆ డబ్బు గుండె ఎకోకు, ఊపిరితిత్తుల పరీక్షకు దాచుకోండి.

యాంటీబాడీ ఒక్కటే తీర్పు చెప్పదనడానికి 2013లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ప్రకటించిన వర్గీకరణ ప్రమాణాలే సాక్ష్యం. అందులో మొత్తం 9 పాయింట్లు వస్తేనే స్క్లెరోడెర్మాగా పరిగణిస్తారు. ఈ జబ్బుకు సంబంధించిన యాంటీబాడీకి 3, రేనాడ్స్‌కు 3, గోటి మొదట్లో నాళాల మార్పులకు 2, ఉబ్బిన వేళ్లకు 2. ఈ నాలుగూ కలిస్తే 10. విడిగా ఏ ఒక్కటీ చాలదు. అందుకే మంచి రుమటాలజిస్టు కాగితం కన్నా ముందు చేతులు చూస్తారు. “ఉంగరం ఎప్పట్నుంచి పట్టడం లేదమ్మా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నెల, ఏడాదితో సహా జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

ఏ పేరుకు ఏ జాగ్రత్త

*యాంటీ-సెంట్రోమియర్.* ఇది ఉన్నవారిలో చర్మం గట్టిపడటం ఎక్కువగా వేళ్లకు, ముఖానికి పరిమితమవుతుంది. రేనాడ్స్ మొదలై చాలా ఏళ్లు గడిచాక మిగతా లక్షణాలు బయటపడవచ్చు. జబ్బు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి రోగులు ధీమాగా ఉండిపోతారు. ముప్పు ఆ ధీమాలోనే ఉంది. ఊపిరితిత్తుల ధమనుల్లో ఒత్తిడి పెరిగే పల్మనరీ హైపర్‌టెన్షన్ ఈ వర్గంలో తరచుగా కనిపిస్తుంది. వేలి చివర్ల పుండ్లు కూడా. పల్మనరీ హైపర్‌టెన్షన్‌ను ముందుగా పసిగట్టడానికి 2014లో ప్రచురించిన ‘డిటెక్ట్’ పద్ధతిలో ఊపిరితిత్తుల పరీక్ష, రక్తంలో యూరిక్ యాసిడ్, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, ఈసీజీలతో పాటు ఈ యాంటీబాడీని కూడా లెక్కలోకి తీసుకుంటారు. మీరు చేయాల్సింది: ఏటా ఎకో, ఏటా డీఎల్‌సీఓతో (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతోందో చూసే కొలతతో) కూడిన ఊపిరితిత్తుల పరీక్ష. ఎకోలో అనుమానం వస్తే, ఒత్తిడిని కచ్చితంగా తేల్చేది గుండె కుడివైపు కాథెటర్ పరీక్షే. డాక్టరు దాన్ని సూచిస్తే వాయిదా వేయకండి.

*యాంటీ-ఎస్‌సీఎల్-70, లేదా టోపోఐసోమరేజ్-1.* చర్మం ఎక్కువ భాగం బిగుసుకునే రకంతో, ఊపిరితిత్తుల్లో మచ్చలు ఏర్పడటంతో దీనికి గట్టి సంబంధం ఉంది. వేలి పుండ్లూ ఎక్కువే. మొదట్లోనే ఒకసారి ఛాతీకి హెచ్ఆర్‌సీటీ స్కాన్ తీయించి, తొలి ఏళ్లలో ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొన్ని నెలలకోసారి కొలిపించుకోవాలి. ఎండు దగ్గును వాతావరణం మీదకు నెట్టేయకండి.

*యాంటీ-ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 3.* దీనితో ఆలస్యం పనికిరాదు. చర్మం వేగంగా బిగుసుకుంటుంది. జబ్బు తొలి నాలుగైదేళ్లలో కిడ్నీ నాళాలు ఒక్కసారిగా బిగుసుకుని బీపీ ఎగబాకే ప్రమాదం ఉంది. దీన్ని స్క్లెరోడెర్మా రీనల్ క్రైసిస్ అంటారు. కాప్టోప్రిల్ వంటి ఏసీఈ ఇన్హిబిటర్ మందులు ఈ పరిస్థితిని ఎంతగా మార్చాయంటే, 1990లో వెలువడిన అధ్యయనంలో ఆ మందులు అందనివారిలో ఏడాది తర్వాత బతికి ఉన్నవారు 15 శాతం, అందినవారిలో 76 శాతం. కాబట్టి ఇంట్లో బీపీ మిషన్ ఉండి తీరాలి. వారానికి రెండు మూడుసార్లు చూసి రాసుకోండి. మీ మామూలు అంకె కన్నా పైది 30, లేదా కిందిది 20 పెరిగితే అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. “రేపు చూద్దాం” అనుకోకండి. కొందరికి బీపీ పెరగకుండానే కిడ్నీ దెబ్బతింటుంది, కాబట్టి క్రియాటినిన్ పరీక్ష కూడా డాక్టరు చెప్పిన గడువుకు చేయించాలి. ఈ యాంటీబాడీ ఉన్నవారిలో కొందరికి స్క్లెరోడెర్మా మొదలైన కాలంలోనే క్యాన్సర్ బయటపడుతుంది. అందుకని వయసుకు తగ్గ క్యాన్సర్ పరీక్షల గురించి తొలి సందర్శనలోనే అడగండి.

*తక్కువగా కనిపించే పేర్లు.* న్యూక్లియోలార్ ప్యాటర్న్ వెనుక టీహెచ్/టీఓ, యూ3-ఆర్ఎన్‌పీ అనే యాంటీబాడీలు ఉండవచ్చు. రెండింటికీ పల్మనరీ హైపర్‌టెన్షన్‌తో సంబంధం ఉంది. మామూలు ప్రొఫైల్‌లో ఇవి కనిపించకపోవచ్చు. అందుకే “న్యూక్లియోలార్” అని ఉండి పేరు తేలని రిపోర్టును పక్కన పడేయకూడదు.

గోటి మొదట్లో కనిపించే సాక్ష్యం

రక్తనాళాలు ఎంత దెబ్బతిన్నాయో కళ్లతో చూడగలిగే చోటు ఒకటి శరీరంలో ఉంది: గోరు మొదలయ్యే దగ్గరి చర్మపు అంచు. అక్కడ ఒక చుక్క నూనె వేసి, వీడియో క్యాపిల్లరోస్కోప్ అనే పరికరంతో పెద్దది చేసి చూస్తారు. ఆరోగ్యవంతుల్లో సన్నని నాళాలు తలపిన్నులు వరసగా పేర్చినట్టు కనిపిస్తాయి, మిల్లీమీటరుకు 7కు తగ్గకుండా. జబ్బు మొదలైనప్పుడు కొన్ని ఉబ్బి 50 మైక్రోమీటర్లు దాటిపోతాయి, పక్కన రక్తపు చుక్కలు కనిపిస్తాయి. ముదిరేకొద్దీ వరసలో నాళాలు మాయమై ఖాళీలు ఏర్పడతాయి. ఈ పరీక్షకు నొప్పి ఉండదు, సూది ఉండదు. వెళ్లే ముందు కొన్ని వారాలు గోళ్లకు రంగు వేయకండి, గోటి అంచు చర్మాన్ని కత్తిరించకండి. పరీక్షకు ముందు పావుగంట మామూలు వేడి ఉన్న గదిలో కూర్చోండి.

యాంటీబాడీకీ నాళాల దెబ్బకీ ఉన్న సంబంధాన్ని చక్కగా చూపించింది కెనడాలోని మాంట్రియల్ పరిశోధన. అక్కడి వైద్యులు రేనాడ్స్ తప్ప మరే స్పష్టమైన జబ్బూ లేని 586 మందిని 20 ఏళ్ల పాటు సాగిన అధ్యయనంలో గమనించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం మీద 12.6 శాతం మందికి స్క్లెరోడెర్మా వచ్చింది. మొదట్లోనే ఈ జబ్బు తాలూకు యాంటీబాడీ, గోటి నాళాల్లో మార్పు రెండూ ఉన్నవారిలో అది 79.5 శాతం. రెండూ లేనివారిలో 1.8 శాతం. నాళాలు మొదట ఉబ్బడం, తర్వాత మాయమవడం అనే క్రమం వారికి స్పష్టంగా కనిపించింది. సెంట్రోమియర్, టీహెచ్/టీఓ యాంటీబాడీలు నాళాల ఉబ్బును ముందుగా సూచించాయి. అవే యాంటీబాడీలు, వాటితోపాటు ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 3 కూడా, నాళాలు మాయమవడాన్ని సూచించాయి. ఒక్కో యాంటీబాడీకి ఒక్కో కాలక్రమం ఉందని తేలింది.

దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది సూటిగా ఉంది. రేనాడ్స్ ఉంటే ఈ రెండు పరీక్షలూ జంటగా చేయించుకోవాలి. రెండూ బాగుంటే గుండె మీద చేయి వేసుకుని నిద్రపోవచ్చు. రెండూ తేడాగా ఉంటే చర్మం గట్టిపడేదాకా ఆగకుండా రుమటాలజిస్టు పర్యవేక్షణలోకి వెళ్లాలి. హైదరాబాద్ నిమ్స్ వంటి ఆస్పత్రుల్లో రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. జిల్లాలో ఉన్నవారు మొదటి అంచనాకు ఒకసారి అలాంటి చోటికి వెళ్లి, ఆ తర్వాతి పరీక్షలు దగ్గర్లో ఎక్కడెక్కడ చేయించుకోవచ్చో అడిగి రావడం మంచిది.

కొత్త పరీక్షల మాటేమిటి?

పై యాంటీబాడీలు కణకేంద్రకంలోని పదార్థాలను గురిపెడతాయి. నేరుగా రక్తనాళాన్నే గురిపెట్టేవి కూడా ఉన్నాయి. ఎండోథీలియల్ కణాలకు వ్యతిరేకంగా తయారయ్యేవి కొన్ని. నాళాలను బిగించే సంకేతాలు అందుకునే యాంజియోటెన్సిన్, ఎండోథీలిన్ రిసెప్టర్లకు అంటుకుని వాటిని ఉసిగొల్పేవి మరికొన్ని. జర్మనీ పరిశోధకుల నాయకత్వంలో 2011లో వచ్చిన అధ్యయనంలో ఈ రెండో రకం ఎక్కువ మోతాదులో ఉన్నవారికి రక్తనాళాల సమస్యలు, మరణాల ముప్పు ఎక్కువని తేలింది. పుండ్లను అదుపు చేయడానికి వాడే బోసెంటాన్ పని చేసేది ఎండోథీలిన్ రిసెప్టర్ మీదే కాబట్టి ఈ పరిశోధన మీద ఆశలున్నాయి. కానీ రోజువారీ వైద్యంలో ఈ పరీక్షను బట్టి మందు మార్చే పద్ధతి ఇంకా రాలేదు. ఎవరో చెప్పారని సొంతంగా డబ్బు పోసి చేయించుకోవద్దు.

నాళాన్ని రోజూ కాపాడుకునే పద్ధతులు

చేతులకే కాదు, ఒంటికంతటికీ వెచ్చదనం కావాలి. ఛాతీ చల్లబడినా వేళ్ల నాళాలు బిగుసుకుంటాయి. మన ఊళ్లలో ఎండలెక్కువ కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఏసీ ఆఫీసు, రాత్రి బస్సు, సినిమా హాలు, అంట్లు తోమే చన్నీళ్లు చాలు. పల్చటి స్వెటరు, సాక్సులు బ్యాగులో ఉండనివ్వండి. ఫ్రీజర్‌లో చేయి పెట్టే ముందు గ్లవుజు వేసుకోండి. ఉద్యోగాల కోసమో, పిల్లల దగ్గరికో చలి దేశాలకు వెళ్లేవారు ప్రయాణానికి ముందే డాక్టరుతో మాట్లాడి మందుల మోతాదు సరిచూసుకోవాలి.

బీడీ, సిగరెట్, చుట్ట పూర్తిగా మానాలి. నికోటిన్ నాళాల్ని బిగిస్తుంది. తగ్గించడం కాదు, మానడమే.

మందుల షాపులో జలుబు బిళ్ల అడిగేటప్పుడు మీ జబ్బు పేరు చెప్పండి. ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్, స్యూడోఎఫెడ్రిన్ నాళాల్ని బిగిస్తాయి. మైగ్రేన్‌కు వాడే ఎర్గోటమిన్, కొన్ని రకాల బీటా బ్లాకర్లతో కూడా రేనాడ్స్ పెరగవచ్చు. వాడుతున్నవాటిని మీ అంతట మీరు ఆపకుండా, జాబితా రాసి డాక్టరుకు చూపించండి.

స్టెరాయిడ్ల విషయంలో మరీ జాగ్రత్త. కీళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే బిళ్లల్లో, ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ ఉండవచ్చు. స్క్లెరోడెర్మాలో ప్రెడ్నిసొలోన్ రోజుకు 15 మిల్లీగ్రాములు దాటితే కిడ్నీ సంక్షోభం ముప్పు పెరుగుతుంది, ముఖ్యంగా ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 3 ఉన్నవారిలో. పేరు తెలియని బిళ్ల మింగొద్దు. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా మానొద్దు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి.

రాతి దుమ్ములో పనిచేసేవారికి మరో మాట. సిలికా దుమ్ముకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని దక్షిణాఫ్రికా బంగారు గని కార్మికుల్లో 1950లలోనే గమనించారు. క్రషర్లలో, క్వారీల్లో, గ్రానైట్ కోత, పాలిషింగ్ పనుల్లో ఉన్న మగవారికి వేళ్లు తెల్లబడుతుంటే ఆ సంగతి దాచకుండా డాక్టరుకు మీ పని వివరం చెప్పండి.

ఒక నోటుబుక్కు పెట్టండి

మొదటి పేజీలో మూడే వాక్యాలు రాయండి: నా యాంటీబాడీ పేరు, అది తేలిన తేదీ, నేను కనిపెట్టుకోవాల్సిన అవయవం. రెండో పేజీలో బీపీ. మూడో పేజీలో ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష తేదీలు, వాటి అంకెలు వరసగా. పోయినసారి అంకెతో పోల్చితేనే ఈసారి అంకెకు అర్థం. నాలుగో పేజీలో వేళ్ల సంగతి: ఏ రోజు తెల్లబడ్డాయి, ఎంతసేపు, పుండు వచ్చిందా. వేలి చివర నల్లబడినా, చీము పట్టినా, నొప్పి ఆగకపోయినా అది మర్నాటికి వాయిదా వేసే విషయం కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

1. నా యాంటీబాడీని బట్టి నాకు ఎక్కువ ముప్పు ఏ అవయవానికి?
2. దానికోసం ఏ పరీక్ష, ఎన్ని నెలలకోసారి?
3. ఏ లక్షణం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా రావాలి?
4. నా రేనాడ్స్‌కు ఇప్పుడు మందు అవసరమా? పుండ్లు వస్తే తర్వాతి మెట్టు ఏమిటి?

జబ్బుతో బతకడం

స్విట్జర్లాండ్‌లో పుట్టిన చిత్రకారుడు పాల్ క్లీ 1935లో జబ్బు పడ్డాడు. అది స్క్లెరోడెర్మా అని ఆయన మరణించాక, మిగిలిన ఆధారాలను పరిశీలించిన వైద్యులు తేల్చారు. ఆ రోజుల్లో యాంటీబాడీ పరీక్షలు లేవు, ఏసీఈ ఇన్హిబిటర్లు లేవు. అయినా 1939 ఒక్క ఏడాదిలోనే ఆయన 1,200కు పైగా చిత్రాలు గీశాడు. 1940 జూన్ 29న కన్నుమూశాడు. ఏటా అదే రోజును ప్రపంచ స్క్లెరోడెర్మా దినంగా పాటిస్తున్నారు.

మనకు ఆయనకు లేనివి చాలా ఉన్నాయి: ముప్పును ముందే చెప్పే రక్తపరీక్ష, గోటి దగ్గర నాళాలను చూపించే పరికరం, నాళాల్ని వదులు చేసే నిఫెడిపిన్, సిల్డెనాఫిల్ వంటి మందులు, పుండ్లకు ఇలోప్రోస్ట్, ఊపిరితిత్తులకు మైకోఫినోలేట్, నింటెడానిబ్. వీటిలో ఏది మీకు సరిపడుతుందో డాక్టరు నిర్ణయిస్తారు. వాటిని వేళకు అందుకునే బాధ్యత మాత్రం మీది, మీ ఇంటివారిది.

ఈ వారంలోనే మూడు పనులు చేయండి. పాత రిపోర్టు బయటికి తీసి యాంటీబాడీ పేరు కింద గీత గీయండి. పేరు లేకపోతే ఏ పరీక్ష మిగిలిందో రుమటాలజిస్టును అడగండి. ఇంట్లో బీపీ మిషన్ లేకపోతే కొనండి. తర్వాతి ఎకో, ఊపిరితిత్తుల పరీక్షల తేదీలను క్యాలెండర్‌లో రాసి, ఆ రోజుల్లో మీ వెంట ఎవరు వస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి.